గోదావరి గట్టు నుండి జిద్దా రేవుకు: హజ్ ఓడ ప్రయాణ పత్రాల చరిత్ర

హజ్ విధి కావడానికి ధర్మశాస్త్రవేత్తలు చెప్పిన షరతులలో ‘ఇస్తితాఅత్’ ముఖ్యమైనది. అనగా యాత్రకు తగిన స్తోమత. దారిబత్తెం, వాహనం, ఇంటివద్ద మిగిలిన కుటుంబానికి పోషణ, మార్గంలో ప్రాణానికీ ధనానికీ భద్రత - వీటిని వారు ప్రధానంగా లెక్కించారు. ఈ లెక్కలో కాగితం ప్రస్తావన లేదు. అయితే నాలుగు శతాబ్దాలకు పైగా, సముద్ర మార్గాన మక్కాకు బయలుదేరిన భారతీయునికి కాగితం కూడ ఒక షరతుగానే నిలిచింది. ఆ కాగితం యాత్రికుని కాపాడిందా, అడ్డగించిందా? ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు చరిత్రను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

16వ శతాబ్దంలో పోర్చుగీసువారు అరేబియా సముద్రంలో తిరిగే ఓడలు తమ వద్ద ‘కర్తాజ్’ అనే అనుమతి పత్రం తీసుకోవాలని శాసించారు. అది లేని ఓడను పట్టుకొని సరుకును స్వాధీనం చేసుకొనేవారు. 1576 ప్రాంతంలో హజ్‌కు బయలుదేరిన అక్బరు మేనత్త గుల్బదన్ బేగం సైతం ఈ పత్రం కొరకు సూరత్‌లో చాలాకాలం వేచి ఉండవలసి వచ్చింది. ఆ పత్రంపై హజ్రత్ మర్యమ్, హజ్రత్ ఈసా (అలైహిముస్సలాం)ల చిత్రాలు ఉండేవి. దీనిని ఒక కారణంగా చూపి, మఖ్దూముల్ ముల్క్ అబ్దుల్లా సుల్తాన్‌పురీ హిందుస్తాన్ ముస్లిములకు హజ్ విధి కాదని ఫత్వా ఇచ్చినట్లు చరిత్రకారుడు బదాయూనీ వ్రాశాడు. కాని యాత్ర ఆగలేదు. ఆ కాలంలోనే మన సీమను ఏలిన గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం నుండి కూడ ఎర్ర సముద్రానికి ఓడలు నడిచాయి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1860 ఒడంబడిక ప్రకారం నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి అప్పగించింది. భద్రాచలం మొదట మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానికి చెందిన గోదావరి జిల్లాలో చేరింది. కుడిగట్టున ఉన్న బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మంమెట్టు నిజాం రాజ్యంలోనే మిగిలాయి. ఒకే నది నీళ్ళు త్రాగే ముస్లిములు ఆ విధంగా రెండు ప్రభుత్వాల క్రిందివారయ్యారు. తరువాతి కాలపు పాస్‌పోర్టు భాషలో ఎడమగట్టువాడు ‘బ్రిటిష్ ప్రజ’, కుడిగట్టువాడు ‘బ్రిటిష్ రక్షణలోని వ్యక్తి’. ఒడ్డున ఇద్దరూ కట్టేది అదే ఇహ్రాం అయినా, కాగితం మీద ఇద్దరి హోదా వేరు.

కాగితం ఇంతగా పెరగడానికి కారణం కలరా. 1865లో మక్కాలో చెలరేగిన ఆ వ్యాధి యూరపు వరకు వ్యాపించింది. మరుసటి సంవత్సరం కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం హాజీల ఓడలపై దృష్టి పెట్టింది. 1882లో ఉస్మానియా ప్రభుత్వం ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్ ఏర్పాటు చేసింది. హిందుస్తాన్ ఓడలు అక్కడ ఆగక తప్పేది కాదు. ఆ దశాబ్దంలోనే ఇంగ్లీషు ప్రభుత్వం హాజీలకు ప్రత్యేక పాస్‌పోర్టును ప్రవేశపెట్టింది. దానికి రుసుము లేదు, స్తోమత విచారణ లేదు. మతవిషయంలో జోక్యం చేసుకొన్నారన్న నింద వస్తుందని పాలకులు భయపడ్డారు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు మాత్రం ఆ భయం నిలువలేదు. 1897లో హజ్ ప్రయాణాన్ని నిలిపివేశారు.

రెండవ సమస్య పేద హాజీలది. వెళ్ళడానికి మాత్రమే డబ్బు సమకూర్చుకొని జిద్దాలో దిక్కులేక మిగిలిపోయేవారు ప్రతి సంవత్సరం ఉండేవారు. 1886లో ప్రభుత్వం యాత్ర ఏర్పాట్లను థామస్ కుక్ కంపెనీకి అప్పగించినా ఈ చిక్కు విడిపోలేదు. చివరకు 1925 చట్టసవరణతో రానుపోను టిక్కెట్టు గాని, తిరుగు ప్రయాణానికి తగిన డిపాజిట్టు గాని లేనిదే ఓడ ఎక్కనివ్వరాదని నిర్ణయించారు. అడ్డుగా నిలిచింది పాస్‌పోర్టు కాదు, ఈ టిక్కెట్టు. జీవితమంతా కూడబెట్టి ఒకవైపు చార్జీ మాత్రమే సమకూర్చుకొన్నవానికి ద్వారం మూసుకొన్నది. అయితే పరాయిదేశంలో ఆకలితో మరణించే దుస్థితి తగ్గిందన్నదీ నిజమే. షరీఅత్ చెప్పిన దారిబత్తెంలో తిరుగు ప్రయాణపు ఖర్చు కూడ ఉన్నదని మరువరాదు.

కుడిగట్టువారికి రైలు దగ్గర. 1889 నాటికి నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది. ఖమ్మంమెట్టులో ఎక్కినవారు సికిందరాబాదు, వాడి మీదుగా బొంబాయి చేరవచ్చు. ఎడమగట్టువారు నది దాటాలి, లేదా పడవమీద పాపికొండల నడుమ రాజమహేంద్రవరం దిగాలి. బొంబాయిలో పత్రాలు సరిచూసే భారం, 1932 చట్టంతో రేవు హజ్ కమిటీ ఏర్పడిన తరువాత కొంత సులభమైంది. మక్కా, మదీనాలలో నిజాం రాజ్య యాత్రికుల కొరకు వెలసిన రుబాత్‌లు, అనగా ఉచిత వసతి గృహాలు, కుడిగట్టువారికి లభించిన మరొక అండ. ఆ రాజ్యం పోయిన తరువాత కూడ రుబాత్ వసతికి అర్హతను పాత నిజాం జిల్లాలను బట్టే నిర్ణయించడం గమనార్హం.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైంది. 1950 రాజ్యాంగంతో రెండు గట్లవారూ ఒకే పౌరసత్వం పొందారు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆ సంవత్సరమే పార్లమెంటు హజ్ కమిటీ చట్టం చేసింది. రిజర్వు బ్యాంకు హాజీల కొరకు 10, 100 రూపాయల ప్రత్యేక నోట్లు విడుదల చేసింది. తరువాతి దశాబ్దాలలో హాజీ చేతిలో హజ్‌కు మాత్రమే చెల్లే ‘పిల్‌గ్రిమ్ పాస్’, టీకా పుస్తకం, మొగల్ లైన్ ఓడ టిక్కెట్టు ఉండేవి. 1995తో ఓడ ప్రయాణం ముగిసింది. 2009 నుండి సౌదీ ప్రభుత్వం అంతర్జాతీయ పాస్‌పోర్టును తప్పనిసరి చేయడంతో పిల్‌గ్రిమ్ పాస్ కూడ చరిత్రలో కలిసింది.

2014లో కూనవరం, చింతూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరగా భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. హజ్ సీట్ల కోటా రాష్ట్రాల వారీగా ఉన్నందున, నది గట్టున గీసిన గీత మరొకసారి హాజీ కాగితంపైకి వచ్చింది.

హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలలో, పాలకుడు ప్రయాణం సాగనివ్వనివానిని రోగితో, బందీతో కలిపి చర్చించారు. తన తప్పు లేక ఆగినవానిపై దోషం లేదన్నది దాని సారం. కాని పత్రం ఎలా పొందాలో తెలియక ఆగిపోయినవాని సంగతి వేరు. అక్కడ అతని చుట్టూ ఉన్న జమాఅత్ బాధ్యత మొదలవుతుంది. అడవి పల్లెలలో పుట్టినతేదీకి రుజువు లేని వృద్ధులు, పేరు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉన్న స్త్రీలు నేటికీ ఉన్నారు. పూర్వం సంపన్నులు పేద హాజీకి దారిబత్తెం ఇచ్చి పుణ్యం కట్టుకొనేవారు. చదువుకొన్నవారు నేడు అట్టివారి పత్రాలు సరిచేయించి పెట్టడం దారిబత్తెం ఇవ్వడంతో సమానమని మా అభిప్రాయం.