తాహిర్ బిన్ హుసైన్: ప్రమాణం పేరిట ఎత్తిన కత్తి

క్రీ.శ. 802లో ఖలీఫా హారూన్ రషీద్ మక్కాలో తన కుమారుల చేత ఒక ఒడంబడిక రాయించి కాబాలో ఉంచాడు. తన తరువాత అమీన్ ఖలీఫా కావాలి, అతని తరువాత మామూన్. అంతవరకు ఖురాసాన్ మామూన్ ఏలుబడిలో ఉండాలి. 809లో హారూన్ గతించాడు. మరుసటి ఏడే అమీన్ పసివాడైన తన కొడుకు మూసా పేరును ఖుత్బాలో చేర్పించాడు. కాబాలోని పత్రాలను తెప్పించి చింపించాడు. అంతర్యుద్ధానికి బీజం అక్కడే పడింది.

మామూన్ పక్షాన నిలిచిన సేనాని తాహిర్ బిన్ హుసైన్ హిరాత్ సమీపంలోని పూషంగ్ వాసి, ఖుజాఆ తెగ మవాలీల వంశీకుడు. ఒంటికన్నువాడు. రెండు చేతులతోనూ సమానంగా కత్తి తిప్పేవాడని ‘జుల్ యమీనైన్’, అంటే రెండు కుడిచేతులవాడు, అనేవారు.

811లో అతను రయ్ నగరంలో ఉన్నాడు. వెంట ఉన్నది నాలుగైదు వేల మంది. ఎదురుగా వస్తున్న అలీ బిన్ ఈసా సైన్యం నలభై వేలని తబరీ కథనం. మామూన్‌ను బంధించడానికి బగ్దాద్ నుంచి వెండి సంకెళ్లు కూడా పంపారట! అయితే ఈ అలీయే ఒకప్పుడు ఖురాసాన్ గవర్నరుగా ప్రజలను పీడించి హారూన్ చేత పదవి పోగొట్టుకున్నవాడు. అతణ్ణే పంపడం అమీన్ చేసిన పెద్ద పొరపాటు. ఖురాసానీలకు పోరాడటానికి అంతకు మించిన కారణం అక్కరలేదు.

గోడల వెనుకే ఉండమని సహచరులు సలహా ఇచ్చారు. పెద్ద సైన్యాన్ని చూసి నగరవాసులు వెన్నుపోటు పొడుస్తారేమోనని తాహిర్ బయటికే వచ్చాడు. కుడి ఎడమల దళాలు రెండూ వెనక్కి తగ్గాయి. అప్పుడతను ఉన్న బలమంతా శత్రు సైన్యపు నడిబొడ్డు మీదికి తోలాడు. అలీ హతుడయ్యాడు, సైన్యం చెల్లాచెదురైంది. తరువాత హమదాన్, అహ్వాజ్, వాసిత్, మదాయిన్ వరుసగా లొంగాయి.

రయ్‌లో గెలిచిన తాహిర్ వేరు, బగ్దాద్‌ను చుట్టుముట్టిన తాహిర్ వేరు అనక తప్పదు. 812 ఆగస్టు నుంచి 813 సెప్టెంబరు దాకా ముట్టడి సాగింది. పశ్చిమాన తాహిర్, తూర్పున వృద్ధ సేనాని హర్సమా. మంజనీఖులు ఇళ్ల మీద రాళ్లు కురిపించాయి. పిండి, ధాన్యం తెచ్చే పడవలను ఆపేశారు. లొంగని పేటలకు తాహిర్ ‘దారున్నక్స్’, అంటే ప్రమాణభంగ గృహం, అని పేరు పెట్టి వాటిని కూల్చాడు. ప్రమాణాన్ని భంగపరిచింది అమీన్. ఇళ్లు కూలింది మాత్రం సామాన్యులవి. ఆ పేటల్లో పోరాడినవారిలో ఎక్కువమంది కూలీనాలీ జనం, చెరసాలల నుంచి వెలువడ్డవారు. ఒంటిమీద సరైన బట్ట లేదు. ఖర్జూరపు ఆకులల్లిన టోపీలే శిరస్త్రాణాలు, కీలు పూసిన చాపలే డాళ్లు, సంచినిండా గులకరాళ్లు. వీరి చేతిలో తాహిర్ యోధులు పలుమార్లు ఓడారు. ఆనాటి కవి ఖురైమీ ఆ వినాశనం మీద రాసిన దీర్ఘ విలాపకావ్యాన్ని తబరీ తన చరిత్రలో భద్రపరిచాడు.

చివరకు అమీన్ లొంగిపోదలిచాడు. తాహిర్‌కు కాదు, హర్సమాకు. ఆ కీర్తి మరొకరికి దక్కడం తాహిర్‌కు ఇష్టం లేకపోయింది. అతని మనుషులు దజ్లా నదిలో పడవను తలకిందులు చేశారు. ఈదుకుంటూ ఒడ్డు చేరిన అమీన్‌ను పట్టుకుని ఒక ఇంట్లో ఉంచి, ఆ రాత్రే చంపారు. తల మర్వ్‌కు వెళ్లింది. యుద్ధంలో చావు వేరు. నిరాయుధుడైన బందీని చంపడానికి ఏ ఒడంబడికా అనుమతినివ్వదు.

819లో మామూన్ బగ్దాద్ చేరాడు. ఒకనాడు తాహిర్‌ను చూడగానే అతని కళ్లు చెమర్చాయనీ, కారణం తమ్ముని జ్ఞాపకమేనని తాహిర్ ఒక సేవకుని ద్వారా తెలుసుకున్నాడనీ చరిత్రకారులు చెబుతారు. ఇక రాజధానిలో ఉండటం క్షేమం కాదని గ్రహించి, వజీరు అహ్మద్ బిన్ అబీ ఖాలిద్ సాయంతో 821లో ఖురాసాన్ గవర్నరు పదవి పొందాడు.

అదే కాలంలో కుమారుడు అబ్దుల్లాకు న్యాయపాలన గురించి ఒక లేఖ రాశాడు. మామూన్ దాని నకళ్లు అధికారులందరికీ పంపించాడు. ఇబ్న్ ఖల్దూన్ దాన్ని తన ముఖద్దిమాలో చేర్చాడు. కత్తి పట్టిన ఆ చేతిలో అంతటి కలం కూడా ఉందన్నమాట.

822లో ఒక శుక్రవారం ఖుత్బాలో తాహిర్ ఖలీఫా పేరు చదవలేదు. తపాలా అధికారి ఆ వార్తను వెంటనే బగ్దాద్‌కు రాసి పంపాడు. మరునాటి ఉదయం తాహిర్ తన పడకలో నిర్జీవుడై కనిపించాడు. జ్వరమన్నారు కొందరు, విషమన్నారు మరికొందరు. మామూన్ ఆ పదవిని అతని కుమారుడు తల్హాకే ఇచ్చాడు. 873 దాకా ఖురాసాన్ ఆ వంశం చేతిలోనే ఉంది.