ఆఫ్రికా నగరాల్లో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్

సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ అరుదని వైద్యగ్రంథాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. దీనికి కారణం వెతికినవారిలో ప్రముఖుడు ఐరిష్ శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్. ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆయన, అక్కడివారిని కాపాడుతున్నది తిండిలోని పీచేనని 1971లో వాదించారు. మరుసటి ఏడాది సహచరులతో కలిసి లెక్కలు ప్రచురించారు. తిన్నది బయటికి రావడానికి ఉగాండా పల్లెవాసులకు సగటున ఒకటిన్నర రోజు పడితే, బ్రిటిష్ నావికులకు, వారి భార్యలకు మూడు రోజులు దాటింది. పల్లెవాసుల మలం రోజుకు 470 గ్రాములు, బ్రిటిష్ వారిది 104.

పీచు ఒక్కటే కారణమన్న మాట మాత్రం నిలవలేదు. దక్షిణాఫ్రికా నల్లజాతీయులకు పీచు తక్కువగా అందుతున్నా జబ్బు అరుదుగానే ఉండేది. వారు మాంసం, కొవ్వు తక్కువ తినడమే కారణమని వైద్య పరిశోధకుడు స్టీఫెన్ ఓకీఫ్ బృందం 1999లో పేర్కొంది. 2015లో ఆయన బృందమే మరో ప్రయోగం ప్రకటించింది. 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా పల్లెవాసులు రెండు వారాలు ఒకరి తరహా తిండి మరొకరు తిన్నారు. అమెరికన్ల పేగుల్లో వాపు లక్షణాలు తగ్గి, పేగుపొరకు మేలుచేసే బ్యుటిరేట్ పెరిగింది. పల్లెవాసుల్లో అంతా తలకిందులైంది.

పల్లె విడిచి నగరం చేరినవారికి ఈ మార్పు రెండు వారాలతో ఆగదు. మాంసం, వేపుళ్లు, తీపి పానీయాలు, కూర్చుని చేసే పని, ఊబకాయం, మద్యం, పొగాకు అన్నీ కలుస్తాయి. కంపాలా, జింబాబ్వేలోని హరారే క్యాన్సర్ రిజిస్ట్రీల్లో కేసులు పెరుగుతూ వచ్చాయి.

ఐరోపాతో పోలిస్తే జబ్బు ఇప్పటికీ తక్కువే, కానీ వచ్చినవారిలో బతికి బయటపడేవారూ తక్కువే. ఇక్కడ ఈ జబ్బు అరుదన్న పాత నమ్మకమే శత్రువైంది. యాభై నిండని మనిషికి మలంలో రక్తం పడితే మొలలని మందిచ్చి పంపేస్తారు. పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్ష జరిగేసరికి గడ్డ పేగును మూసేసో, కాలేయానికి పాకో ఉంటుంది. మలం పోవడానికి పొట్టకు సంచి తగిలించుకోవాలంటే భయపడి ఆపరేషన్ వద్దనేవారూ ఉన్నారు. మలాశయ క్యాన్సర్‌లో చాలామందికి శస్త్రచికిత్సకు ముందే రేడియేషన్ కావాలి. ఉగాండాకు అప్పట్లో ఉన్న ఒకే ఒక్క రేడియోథెరపీ యంత్రం 2016లో చెడిపోతే, కొత్తది పనిచేయడానికి ఏడాదిన్నర దాటింది.

ముందే పట్టుకుంటే ఫలితం వేరు. దక్షిణాఫ్రికాలోని నార్తర్న్ కేప్‌లో ఈ క్యాన్సర్ ముప్పు పెంచే ఒకే జన్యులోపం వంశపారంపర్యంగా వస్తున్న కుటుంబాల దగ్గరికి కేప్‌టౌన్ వైద్యులు కొలనోస్కోపీ పరికరాలు తీసుకెళ్లి పరీక్షలు చేశారు. క్రమం తప్పకుండా చేయించుకున్నవారు, చేయించుకోనివారికన్నా ఎక్కువకాలం బతికారు.