స్టాంపు మీద కనిపించని జర్మనీ

తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బ్యాచ్‌లో చాలామందికి స్టాంపులు పోగుచేసే పిచ్చి పట్టింది. నా నోటుపుస్తకంలో అంటించుకున్న వాటిలో కొన్నిటి మీద ‘డాయిచె బుందెస్‌పోస్ట్’ అని, కొన్నిటి మీద ‘డి.డి.ఆర్.’ అని ఉండేది. అట్లాసు మొత్తం తిరగేసినా ఆ దేశాలు కనిపించలేదు. సోషల్ మాస్టారిని అడిగితే నవ్వారు. “రెండూ జర్మనీలేరా. ఒకటి పశ్చిమం, ఒకటి తూర్పు. జర్మనీ అని మనం అంటాం గానీ వాళ్ళు అనరు” అన్నారు. “మరి మనమెందుకు అంటున్నాం సార్?” అని అడిగాను. “అది నువ్వు పెద్దయ్యాక చదువుకుని నాకు చెప్పు” అన్నారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆలస్యంగానైనా ఆ జవాబు ఈ స్వర్ణోత్సవ సంచికలో అప్పజెబుతున్నాను.

జర్మన్లు తమ దేశాన్ని ‘డాయిచ్‌లాండ్’ అంటారు. ‘డాయిచ్’ అన్న మాటకు మూలం ‘జనం’ అనే అర్థమున్న పాత పదం. పండితులు, చర్చి అధికారులు లాటిన్ వాడే కాలంలో మామూలు జనం మాట్లాడే భాషకు ఆ పేరు వచ్చింది. క్రీ.శ. 786లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక చర్చి సభ గురించి రాసిన లాటిన్ లేఖలో ఈ మాట కనిపిస్తుంది. సభ తీర్మానాలను లాటిన్‌లోనూ జనం భాషలోనూ చదివి వినిపించారని అందులో ఉంది. అంటే ఆ పేరు ముందు భాషకు వచ్చింది. తర్వాత ఆ భాష మాట్లాడేవారికి, చివరికి వారి దేశానికి వచ్చింది. రాజు పేరూ కాదు, నది పేరూ కాదు. జనం నోటి మాటే దేశం పేరయింది.

మనం వాడే ‘జర్మనీ’ ఇంగ్లీషు ద్వారా వచ్చింది. దాని మూలం రోమన్ల ‘జెర్మానియా’. క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో జూలియస్ సీజర్ రైన్ నదికి ఆవలి తెగలన్నిటినీ కలిపి ‘జెర్మానీ’ అన్నాడు. క్రీ.శ. 98 ప్రాంతంలో టాసిటస్ ఆ ప్రాంతం మీద ఒక గ్రంథమే రాశాడు. ఆ తెగలకు మాత్రం తామంతా ఒకటేనన్న భావన అప్పటికి లేదు. నది ఇవతలి ఒడ్డున నిలబడి అవతలివారిని చూసినవారు పెట్టిన పేరది.

ఫ్రెంచివారు ‘అల్మాన్’ అంటారు. వారికి సరిహద్దులో తగిలిన తెగ అలమన్నీలు. ఆ ఒక్క తెగ పేరే దేశమంతటికీ అంటగట్టారు. స్పానిష్, పోర్చుగీసు, టర్కిష్ భాషల్లోనూ ఆ పేరే నడుస్తోంది. ఉత్తరాన ఫిన్లాండ్ వారికి పరిచయమైనవారు శాక్సన్లు. అందుకే వారు ‘సాక్సా’ అంటారు. ఎవరికి ఏ వాకిలి ఎదురైతే ఇంటికంతటికీ ఆ పేరే పెట్టారన్నమాట.

డచ్చివారి సంగతి మరీ తమాషా. ‘డచ్’, ‘డాయిచ్’ ఒకే మాట. ఇంగ్లీషువారు ఒకప్పుడు జర్మన్లనూ డచ్ అనేవారు. తర్వాత ఆ మాట నెదర్లాండ్స్‌కే పరిమితమైంది. అమెరికాలోని ‘పెన్సిల్వేనియా డచ్’ జనం జర్మన్ సంతతివారే. నాగసాకిలో వ్యాపారం చేసిన డచ్చివారి నోట విన్న జపనీయులు ఆ దేశాన్ని ‘దోయిత్సు’ అన్నారు. చైనావారు ధ్వనికి దగ్గరగా ఉండే అక్షరాన్ని ఎంచుకుని ‘దగ్వో’ అన్నారు. ఆ అక్షరానికి ‘సుగుణం’ అని అర్థం.

మనవారు చేసిన మర్యాదా తక్కువేం కాదు. ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 వరకు సంపుటాలుగా అచ్చువేయించిన మాక్స్ ముల్లర్, సంస్కృత ముఖపత్రం మీద తన పేరు ‘మోక్షమూలర భట్టు’ అని వేసుకున్నాడు. తన పుట్టిన దేశాన్ని ‘శార్మణ్యదేశం’ అన్నాడు. జర్మనీలో ‘శర్మ’ వినిపించేసరికి అది మన బంధువుల ఊరే అయిపోయింది!

కానీ అన్ని పేర్లూ ఇంత ముచ్చటగా లేవు. పోలండ్‌లో జర్మనీని ‘నియెమ్‌త్సి’ అంటారు. చెక్ భాషలోనూ, హంగరీ భాషలోనూ ఇదే మూలం నుంచి వచ్చిన పేర్లున్నాయి. రష్యన్లు దేశాన్ని ‘గెర్మానియా’ అన్నా, మనుషులను ‘నెమ్‌త్సీ’ అంటారు. ఈ మాటకు మూలం ‘మూగ’ అన్న పదం. తమ భాష రానివాడు వారికి మూగవాడు. 17వ శతాబ్దపు మాస్కోలో విదేశీయులుండే పేటను ఈ పేరుతోనే పిలిచారు. అక్కడ డచ్చివారు, ఇంగ్లీషువారు, స్కాట్లండ్ వారు కూడా ఉండేవారు. అందరూ మూగవారే! ఈ మాటే తుర్కుల ద్వారా అరబ్బీకి చేరి ఆస్ట్రియాకు పేరయింది. నేడు ఆ పేరు పలికేవారికి మూగ అన్న అర్థం తట్టదు. వెక్కిరింత అరిగిపోయి పేరు మిగిలింది.

తెలుగువారమైన మనకూ ఇలాంటి అనుభవం ఉంది. తెల్లదొరలు మద్రాసులో మన భాషను ‘జెంటూ’ అనేవారు. క్రైస్తవేతరుడు అనే అర్థంలో పోర్చుగీసువారు వాడిన మాట నుంచి వచ్చిందది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులో కూడా, సాధారణంగా దీన్ని జెంటూ అంటారని చెప్పుకోవలసి వచ్చింది. రంగూన్‌లో మనవారు ‘కొరంగీలు’ అయ్యారు. కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవారని ఆ పేరు.

ఇంత చదివాక నాకు గుర్తొచ్చింది దేశం కాదు, మన బడిలోని ఒక పిల్లవాడు. వాళ్ళ నాన్నగారికి రైల్వేలో బదిలీ అయి ఎనిమిదో తరగతి మధ్యలో వచ్చి చేరాడు. ఇంట్లో ఒరియా మాట్లాడేవారు. తెలుగు రాక, నవ్వుతారని భయపడి నోరు విప్పేవాడు కాదు. మేమంతా ‘మూగోడు’ అన్నాం. రెండేళ్ళు అదే పేరు. పదో తరగతికి మాతో సమానంగా తెలుగు మాట్లాడినా పేరు మాత్రం మారలేదు. దానికి మొదటి గొంతు నాదేనని ఒప్పుకోవాలి.

మాస్టారూ, నాకు తెలిసిన జవాబు ఇది. ఇతరులు పెట్టిన పేరులో ఆ దేశం చరిత్ర కొంతే ఉంటుంది. పిలిచినవారు ఎక్కడ నిలబడ్డారు, ముందు ఎవరిని కలిశారు, ఎదుటివారి మాట వినడానికి ఎంత ఓపిక పట్టారు అన్నదే అందులో ఎక్కువగా ఉంటుంది.

స్వర్ణోత్సవానికి ఆ మిత్రుడు కూడా వస్తున్నాడని కబురందింది. ఈసారి అతన్ని అమ్మానాన్నలు పెట్టిన పేరుతోనే పిలవాలనుకుంటున్నాను.