జీపు కింద రాయి

పాత మహీంద్రా జీపు ఎక్కిన ప్రతివాడికీ తెలిసిన విషయం ఒకటుంది. దానికి హ్యాండ్ బ్రేక్ పేరుకే. ఏటవాలులో ఆపితే డ్రైవరు దిగి, వెనక చక్రం కింద ఓ రాయి పెట్టి, అప్పుడు టీ కొట్టుకి వెళ్తాడు. ఆ రాయి కూడా బండి సామానే, సీటు కింద పర్మనెంటుగా వుంటుంది. అందరూ తిట్టేది బ్రేకుని. అసలు దొంగ దాని పక్కనే వున్నాడు, ట్రాన్స్‌ఫర్ కేసు.

రోజంతా మానిటర్ ముందు కూర్చునే మనలాంటి వాళ్ళ కోసం రెండు ముక్కలు. గేరుబాక్సు వెనక ఇంకో చిన్న గేర్ల పెట్టె వుంటుంది. ఇంజన్ నుంచి వచ్చిన బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచేది అదే. బురదలో దిగబడితే 'లో' గేరు ఇచ్చేదీ అదే. ఆ గేరులో బండి నత్తలా నడుస్తుంది, కానీ లాగే బలం యుద్ధకాలపు జీపులో దాదాపు రెండు రెట్లు, తర్వాతి సివిల్ జీపుల్లో దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర కాకుండా ఈ పెట్టె వెనకాల షాఫ్టుకే బిగించి వుంటుంది. ఆయిల్ సీలు అరిగిందా, నూనె కారి బ్రేకు లైనింగు తడుస్తుంది. తడిసిన లైనింగు ఏం పట్టుకుంటుంది? అందుకే రాయి.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఈ పెట్టె పేరు స్పైసర్ మోడల్ 18. 1940లో అమెరికా సైన్యం చిన్న ఫోర్ వీల్ బండి కావాలని అడిగినప్పుడు ఇరుసులూ ట్రాన్స్‌ఫర్ కేసూ ఇచ్చింది స్పైసర్ కంపెనీ. తర్వాత విల్లీస్ డిజైన్ని ఫోర్డ్ చేత కూడా చేయించారు. సైన్యం పెట్టిన షరతు ఒక్కటే: ఎవరు చేసిన ముక్క అయినా ఎవరి బండికైనా పట్టాలి. ఫోర్డ్ వాళ్ళు బోల్టుల మీద కూడా తమ 'ఎఫ్' అక్షరం కొట్టుకుని ముచ్చట తీర్చుకున్నారు గానీ కొలతలు మాత్రం మార్చలేదు. రెండు కంపెనీలూ కలిపి యుద్ధం అయ్యేలోపు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఫ్రీజ్ చేసి రెండు టీములకి ఇచ్చారు.

యుద్ధం అయ్యాక ప్రపంచమంతా వాడేసిన జీపులే. రిపేరు చేసిన జీపు కొనాలా, కొత్తది కొనాలా అన్న ప్రశ్న మనకి స్వతంత్రం వచ్చిన ఏడాదిలోపే ఢిల్లీ దాకా పోయింది. 1948లో కాశ్మీర్ యుద్ధం నడుస్తుంటే లండన్లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ సైన్యం కోసం రీకండిషన్ చేసిన జీపులకి ఆర్డరిచ్చారు. వచ్చినవి 155. అవీ పనికిరావని తేల్చారు. దేశంలో మొదటి కుంభకోణం అని ఇప్పటికీ చెప్పుకునేది దీన్నే. 1955లో ప్రభుత్వం ఆ కేసు మూసేసింది. (ఆ కేసు వేరు, ఈ కేసు వేరు లెండి :-))

అదే 1948 సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైన్యం షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ రాజ్యంలోకి దిగింది. నల్దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్... ఇప్పుడు మనం ఎన్‌హెచ్ 65 అంటున్న రోడ్డే. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు, మర్నాడు ఎల్ ఎద్రూస్ సైన్యాన్ని అప్పగించాడు. ఆ రోడ్డు మీద కారు నడవడం వేరు, రోడ్డు దిగి రాయికోడ్ లాంటి ఊళ్ళకి వానాకాలంలో పోవడం వేరు. అన్నట్టు, మనోళ్ళకి ఆ ఊరి పేరు చూస్తే నవ్వొస్తుంది. "రాయి, కోడ్!" అని మేనేజరు అరిచినట్టు వుంటుంది. నల్లరేగడి మీద వాన పడితే ఎడ్లబండి కూడా మొరాయిస్తుంది. జీపుకి పని దొరికేది అక్కడే.

మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలెట్టారు. 1953లో ప్రభుత్వం, ఇక్కడే తయారు చేసే ఉద్దేశం లేనివాళ్ళు బిగింపు షాపులు కట్టేయండి అంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1954లో వెళ్ళిపోయాయి. మహీంద్రా అదే ఏడాది విల్లీస్‌తో తయారీ ఒప్పందానికి దిగింది. ఇక అక్కణ్ణుంచి అర్ధ శతాబ్దం దాదాపు అదే పెట్టె. ఇంజన్లు మారాయి, పెట్రోలు పోయి ట్రాక్టర్ డీజిలు ఇంజను వచ్చింది, ఎమ్మెమ్ 540లో ప్యూజో ఇంజను వచ్చింది. వెనక ట్రాన్స్‌ఫర్ కేసు మాత్రం మోడల్ 18 వంశమే.

మారింది ఏమైనా వుంటే లోపలి నడిమి షాఫ్టు. యుద్ధకాలంలో దాని మందం ముప్పావు అంగుళం. అరిగిపోతోందని 1946 ప్రాంతంలో అంగుళం పైన ఒకటింట ఎనిమిదో వంతు చేశారు, 1950ల మధ్యలో అంగుళంపావు చేశారు. ఒక రకంగా ఇవే దాని వెర్షన్ నంబర్లు. వూళ్ళో మెకానిక్కు విడిభాగాల షాపుకి పోయేటప్పుడు పాత షాఫ్టు సంచీలో వేసుకుని పోయేది ఇందుకే. బండి ఏ సంవత్సరందో కాగితం చూసి నమ్మలేం, లోపల ఎవడు ఏం మార్చాడో.

మనకి జీపు అంటే ఇంకో అర్థం కూడా వుండేది. 1959 అక్టోబర్ 11న నెహ్రూ షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభించాక సమితులు వచ్చాయి, సమితితో పాటు బీడీవో గారి జీపు వచ్చింది. 1986లో ఎన్టీయార్ సమితులు తీసి మండలాలు పెట్టాక ఎమ్మార్వో జీపు, ఎస్సై జీపు. ఊరికి ప్రభుత్వం వచ్చింది అంటే దుమ్ము లేచింది అని. ఆ బళ్ళు ముసలివయ్యాక వేలంలో పోయేవి. ఫోర్ వీల్ బండి రైతు చేతికి చవగ్గా రావడానికి అదే దారి. మామూలుగా తిరిగే జీపుల్లో చాలా వాటికి ముందు చక్రాలకి బలమే వుండదు.

తమాషా ఏంటంటే జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ వుంది కానీ అది జీపు వల్ల రాలేదు. 1980లలో రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న ట్రక్కుల కోసం పెట్టిన ప్లాంటు అది. ఫ్రిజ్జులు, వాచీలు చేసిన ఆల్వినే. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికొచ్చింది, 2013లో అక్కడ ట్రాక్టర్ల ప్లాంటు కూడా మొదలైంది. జీపులు ప్రధానంగా కాందివలి, నాసిక్‌ల నుంచే వచ్చేవి. కాబట్టి ఫ్యాక్టరీ పక్కనే వున్నా రాయికోడ్ జీపుకి దిక్కు షెడ్డు మెకానిక్కే.

మా మేనమామ దగ్గర అలా వేలంలో కొన్న జీపొకటి వుంది. చేను గట్టు ఎక్కుతుంటే 'లో' గేరు దానంతటదే జారి న్యూట్రల్లో పడుతోంది, పైగా బుయ్యిమని అరుపు. జహీరాబాద్ షెడ్డులో విప్పిన మెకానిక్కు ఒక్క మాటలో తేల్చేశాడు: "గేర్లు మంచిగనే ఉన్నయ్ సాబ్. పెట్టెనే పోయింది." అంటే ఏంటి? అడుగు పళ్ళెం విప్పి, బ్రేకు డ్రమ్ము తీసి, నడిమి షాఫ్టుని వెనక్కి లాగితే మధ్య గేరు చేతిలోకి వస్తుంది. బేరింగులూ, పక్కన ఒరుసుకునే వాషర్లూ అరిగితే మార్చేస్తారు, ఒక పూట పని. కానీ షాఫ్టు కూర్చునే పోత ఇనుము రంధ్రమే అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తే ఎన్ని కొత్త షాఫ్టులు వేసినా వదులే, నూనె కారుడే.

అప్పుడు రెండే దారులు. పెట్టెని లేతు షాపుకి తీసుకెళ్ళి రంధ్రం బోరింగ్ చేయించి బుష్ కొట్టించాలి. లేదా ఇంకో పాత బండి పెట్టె తెచ్చి వేయాలి. మా మామ మొదటిదే చేయించాడు. ఖర్చు తక్కువని కాదు, వేరే పెట్టె తెస్తే అదెంత అరిగిందో ఎవడు చూశాడు అని. నాకు ఆ లాజిక్ నచ్చింది. రెండు రంధ్రాలు ఒకే గీత మీద లేకపోతే గేర్లు మళ్ళీ అరుస్తాయి కాబట్టి, లేతు ఆపరేటరు ఎవరన్నది మెకానిక్కు ఎవరన్న దానికంటే ముఖ్యం.

జీపు ఇన్నేళ్ళు బతకడానికి మన మెకానిక్కుల తెలివే కారణం అని అందరూ రాస్తారు. సగం నిజమే. మిగతా సగం, కొలతలు మారకపోవడం. పోటీ లేని మార్కెట్లో కొలతలు మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. దాని వల్లే ఏ మూల షెడ్డులోనైనా సామాను దొరికింది, దాని వల్లే ఆ నూనె కారే సీలు కూడా యాభై ఏళ్ళు అలాగే వచ్చింది. బగ్గుకి కూడా బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అన్నమాట. ఒకటి మెచ్చుకుని రెండోదాన్ని తిట్టడం కుదరదు.

2010లో వచ్చిన థార్‌తో బోర్గ్‌వార్నర్ ట్రాన్స్‌ఫర్ కేసులు వచ్చాయి. ఇక 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు, అవి తుక్కు కేంద్రాలకే పోవాలి. అంటే ఎమ్మార్వో జీపు వేలంలో రైతుకొచ్చే దారి మూసుకుపోయింది, దాంతో పాటే దాని కింది పోత ఇనుము పెట్టె కూడా కొలిమికే. మామ ఈ మాట విని, ఆ షెడ్డులో మూలన పడివున్న ఇంకో పాత పెట్టెని బేరమాడి కొని ఇంటికి తెచ్చుకున్నాడు. రంధ్రాలు ఎలా వున్నాయో ఇంకా విప్పి చూడలేదు.