మానికకు ఎన్ని సోలలు

ఆ కందికట్టెలు రెండు ఇటెయ్యి బిడ్డా, మంట సల్లారుతున్నది. ఇగ చెప్పు. నువ్వు బోర్డు మీద రాస్తే పిల్లలు ఎక్కించుకుంటరు, ఏమన్న అడిగితే మాత్రం ‘గైడ్ల ఉంది టీచర్’ అంటరు, అంతేనా? మా పంతులు ముందల ఆ మాట అంటే సూడాలె!

మాది ఖానగీ బడి. నిజాం రాజ్యంల సర్కారు బడి అంటే ఉర్దూనే. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల సుత ఉర్దూలనే చెప్పేటోళ్లు. తెలుగు నేర్వాలంటే ఊరోళ్లే ఒక పంతుల్ని పిలుచుకొని అరుగు మీద కూసోబెట్టుకునేది. దానికీ సర్కారు ఇజాజత్ కావాలె. జీతమంటే గింజలే. దుబ్బల వేలుతోని అక్షరాలు దిద్దుడు, పెద్దబాలశిక్ష వల్లె వేసుడు, ఎక్కాలు ఒర్రుడు అన్ని బడులల్ల ఉన్నట్టే మాకూ ఉండె. ఎక్కం తప్పితే చింతబరిగె సుత ఉండె. ఆయన దేవుడని నేనేం చెప్తలేను.

ఒకనాడు కొలతల పాఠం వచ్చింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పది మార్లు ఒర్రిపిస్తే అయిపోవు. ఆయన ఇంట్లకెళ్లి జొన్నల గంప, సోల, మానిక తెచ్చి అరుగు మీద పెట్టి, “మానికకు ఎన్ని సోలలు పడ్తయో మీరే కొలిసి చెప్పుండ్రి” అన్నడు. గోడకు ఒరిగి చుట్ట ముట్టించుకున్నడు.

ఒకడు పోస్తే నాలుగు సోలలకు నిండింది. ఇంకొకడు పోస్తే మూడున్నరకే నిండింది. ఇగ లొల్లి! నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని జుట్లు పట్టుకునేదాక పోయింది. “పంతులయ్యా, ఏది నిజం?” అంటే, “నన్నెందుకు అడుగుతరు, కొలిసింది మీరు గద” అన్నడు. మళ్ల కొలిసినం. మళ్ల గంతే. ఆఖరుకు మా అందర్ల చిన్నోడు, ఎక్కాలే సరిగ రానోడు, “వాడు తల గీస్తున్నడు, వీడు గోపురం కడ్తున్నడు” అన్నడు. సూస్తే నిజమే. ఇద్దరూ తల గీసి పోస్తే ఇద్దరికీ నాలుగే వచ్చినయి.

పంతులు శభాష్ అనలే. “మీ ఇండ్లకు షావుకారు కాడికెళ్లి నాగు గింజలు తెచ్చేటప్పుడు ఎట్ల కొలుస్తున్నరు, తిరిగి కట్టేటప్పుడు ఎట్ల కొలుస్తున్నరు? పోయి సూసి రాండ్రి” అన్నడు.

పోయి కల్లాల కాడ నిలబడ్డం. ఇచ్చేటప్పుడు తల గీసి ఇస్తున్నరు, తీసుకునేటప్పుడు గోపురం కట్టి తీసుకుంటున్నరు. వడ్డీ గింజలు వేరే. మానికకు ఎంత ఎక్కువ పోతున్నదో, పుట్టెడు వడ్లకు ఎంతయితదో పలక మీద లెక్క కట్టుకున్నం. మా అమ్మకు చెప్తే నా నోరు మూసింది, షావుకారు వింటడని. ఆ తర్వాత లెక్కలు చెయ్యిరా అని మాకు ఎవ్వరూ చెప్పలే.

నువ్వు జవాబు జెర తొందరగ చెప్తున్నవేమో బిడ్డా, నాకు గట్ల అనిపిస్తది. నీకేమో గంట కొట్టేలోపల పాఠం అయిపోవాలె, అదీ నిజమే. మా పంతులుకు సిలబస్సు లేకుండె, పై ఆఫీసరుకు పంపే కాగితాలు లేకుండె. రోజూ కాకున్నా, వారానికి ఒక్కపాఠమన్న వాళ్లకే ఇడిసిపెట్టి సూడు. లొల్లి అయితది. కానియ్యి.

తర్వాత నేను హనుమకొండల ఉర్దూ బడికి పోయిన. తెలుగు ఎక్కడ పోతదో అని భయముండె. అక్కడ 1904ల పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉండె గనక బతికిపోయిన. పొద్దుగూకితే అక్కడనే. ఏ పుస్తకం చదవాలెనో చెప్పేటోడు లేడు, చేతికి దొరికింది చదివేది.

సెలవులకు ఊరికొస్తే సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక అరుగు మీద చదివి వినిపించుడు నా పని. వారానికి రెండుమార్లు వచ్చేది. సదువు రాని ముసలోళ్లు సుట్టూ కూసుండేది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులాయె. “బర్మా అంటివి, అది ఎటుదిక్కురా? మనకెంత దూరం?” అని నడుమల అడిగేది. తెల్వదంటే, “మరేం సదువుతున్నవు పట్నంల?” అనేటోళ్లు. సెలవులు అయినంక బడిల గోడ మీది ఉర్దూ పటంల బర్మా వెతికి, దారంతోని దూరం కొలుసుకున్న. మళ్ల ఊరికి వచ్చినప్పుడు పత్రిక తెచ్చేటోనికి ఎదురుపోయి, తొవ్వల్నే మొత్తం ఒకమారు చదువుకునేది. ఎవడు ఏం అడుగుతడో తెల్వది గద.