తూము నోరు

ఓరుగల్లు పేరు వినగానే మనకు కీర్తితోరణములు, వేయిస్తంభముల గుడి స్ఫురించును. కాకతీయుల నాటి కట్టడములలో నేటికిని అన్నము పెట్టుచున్నవి మాత్రము చెరువులు. గణపతిదేవుని కాలమున (1199–1262) జగదాళ ముమ్మడి పాకాల చెరువును కట్టించెను. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు రామప్పగుడిని నిలిపెను. ఆ గుడి చెంతనే పెద్ద చెరువు వెలసినది. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించెను. ఈ చెరువుల కట్టలను చూచి యందఱు అచ్చెరువందుదురు; కట్టక్రింద దాగిన తూమును చూచువారు అరుదు.

చెరువునకు కట్ట దేహమైనచో, తూము కంఠము. లోపలివైపున ఎత్తైన రెండు రాతి స్తంభములు, వానిని కలుపు అడ్డురాళ్లు, అడుగున రంధ్రము గల రాతిపలక, ఆ రంధ్రమున నిమిడి కూర్చుండు బిరడా, దానిని పైకెత్తుటకు పొడవైన కఱ్ఱ: మన పాత తూముల అమరిక సాధారణముగా ఇంతియే. బిరడా లేవగానే నీరు రాతి కాలువలో జొరబడి, కట్టక్రిందుగా సాగి, పొలముల దారి పట్టును.

ఇంత చిన్న యంత్రమునకును వ్యాధులు కలవు. బిరడా ఎత్తినను నీరు సన్నగా వచ్చినచో, నోటికి నాచో, ఆకులో, ఒండ్రో అడ్డుపడినదని గ్రహింపవలెను. బిరడా దించినను ధార ఆగనిచో, అది పుచ్చియుండును, లేదా అంచున గులకరాయి చిక్కియుండును. మూడవ వ్యాధి ప్రమాదకరము. చెరువులో నీరు తేటగానుండి, తూము బయట బురదనీరు వచ్చినచో, రాతి కాలువ కీళ్లు విడి కట్టమన్ను లోలోపల కొట్టుకొనిపోవుచున్నదని అర్థము. అప్పుడు జాగు చేసినచో కట్టయే తెగును. నేటి పడవలో వెలుపలి నీటిని లోనికి తోడుకొను పంపు మొరాయించినను పరీక్షాక్రమ మిదియే: మొదట నోరు, పిదప కవాటము, ఆపై గొట్టపు కీళ్లు.

పూర్వు లీ సంగతి నెఱిగినవారే. కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము (1369) చెరువునకు 12 అంగములను, 6 దోషములను చెప్పుచున్నది. కట్టనుండి నీరు కారుట ఆ దోషములలో నొకటి. ఆ చెరువునకు 4 తూములు అమర్చిరి. 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండేండ్లు శ్రమించినట్లు శాసనము తెలుపుచున్నది.

కట్టించుట రాజులవంతు, కాపాడుట ఊరివంతు. తూము ఎత్తి దించుటకు, కాలువ కనిపెట్టుటకు నీరటికాడు ఉండెడివాడు. అతనికి పంటలో పాలు ముట్టెడిది. చెరువు మరమ్మతులకై దశబంధ మాన్యము లుండెడివి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు వశమైనను, ఆ సామ్రాజ్యముతోపాటు చెరువులు అంతరింపకుండుటకు ఈ గ్రామవ్యవస్థ యొక ముఖ్యకారణము.

ఇరువదవ శతాబ్దమున ఆ ఏర్పాటులు సడలినవి. బావులు, విద్యుత్తు పంపులు పెరిగినకొలది చెరువుపై దృష్టి తగ్గెను. ఒండ్రు తూము నోటివఱకు వచ్చెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము ‘మిషన్ కాకతీయ’ పేరిట 46,000కు పైగా చెరువులను పునరుద్ధరింప సంకల్పించి, పూడికతీతతోపాటు కట్టల, తూముల మరమ్మతులను చేపట్టెను.

రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గణుతికెక్కినది. అది మనకు గర్వకారణమే. ఆ గుడి చెంతనున్న చెరువు మాత్రము మననుండి కోరునది స్వల్పము: ఏటేట తొలకరికి ముందు తూము నోరు శుభ్రపఱచు చేయి యొకటి.