ఒళ్లో సీపీయూ, 229లో ప్రయాణం

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు 229 బస్సు. 1990ల చివర్లో ఆ బస్సులో నా ఒళ్లో తరచూ ఒక దుప్పటి మూట ఉండేది. లోపల సీపీయూ. ఒకసారి కండక్టర్ మూట మీద వేలితో కొట్టి, “టీవీయా? లగేజీ టికెట్ తీసుకోవాలె” అన్నాడు. కాదని ఒప్పించేసరికి రెండు స్టాపులు దాటాయి. నిజానికి సీపీయూ అంటే లోపలుండే ప్రాసెసరొక్కటే. మన వాడుకలో మాత్రం ఆ రేకు డబ్బా మొత్తం సీపీయూనే. దానికి మానిటరు, కీబోర్డు తోడైతే ‘సిస్టమ్’.

ఆ మూట చేరే చోటు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. పూర్తిపేరు ఎవరూ అనరు, సీటీసీ అంటారు. చీటీ మీద మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్‌డిస్క్ అని పచారీ సరుకుల్లా రాసుకెళ్లి, నాలుగు కొట్లు తిరిగి ధర అడిగి, అయిదో కొట్లో బిగించుకుని వచ్చేవాళ్లం. అదే అసెంబుల్డ్ సిస్టమ్. కొన్న రోజుకు అది పూర్తయిన వస్తువు అని ఎవరూ అనుకోలేదు. ఏటా గడ్డి మార్చుకునే పూరిపాక లాంటిది.

మా వైపు కంప్యూటర్ కథ సీటీసీ కంటే పాతది. ఇప్పటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, కుషాయిగూడ పక్కన, 1967లో అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఏఎస్‌రావు నగర్‌కు ఉంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల టీడీసీ–12 1969లో పనిలోకి వచ్చింది. దాని తర్వాత టీడీసీ–312, 16 బిట్ల టీడీసీ–316 ఈసీఐఎల్ నుంచి వెలువడ్డాయి. అవి ప్రయోగశాలలకూ కార్ఖానాలకూ పోయే యంత్రాలు. ఇంటి గడప తొక్కే రకం కాదు.

గడప తొక్కిన వాటిలో కొన్ని ఇంగ్లాండులో పుట్టాయి. 1982లో వచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు మానిటరే అక్కర్లేదు, ఇంట్లో టీవీకి తగిలించుకోవచ్చు. 16 కేబీ మెమరీది కొన్నవాళ్లు తర్వాత దాన్ని 48కి పెంచుకునేవారు. మన దగ్గర 1984–85లో క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రోలు కొన్ని బళ్లకు వచ్చాయి. ఇళ్లకు వచ్చినవి బహు తక్కువ.

మా అప్‌గ్రేడ్ పిచ్చికి అసలు వేరు ఐబీఎం పీసీ. 1981 ఆగస్టులో దాన్ని విడుదల చేసిన ఐబీఎం, తొందరలో ప్రాసెసరు ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది. బోర్డు మీద అదనపు కార్డులకు అయిదు స్లాట్లు వదిలింది. లోపలి వివరాలన్నీ పుస్తకంగా అచ్చేసింది. ఇక చూసి చేయనివాడిదే పాపం! తైవాన్ బోర్డులు ఊళ్లను ముంచెత్తాయి. 1984 నవంబరు నాటి కంప్యూటర్ విధానం, 1991 తర్వాత తగ్గుతూ వచ్చిన సుంకాలు ఆ విడిభాగాలను పార్క్‌లేన్ దాకా దించాయి.

మరి ఎందుకు మార్చాలి? విండోస్ 98కు కనీసం 16 ఎంబీ ర్యామ్ చాలన్నారు. అది చాలడమంటే, మౌస్ నొక్కి చాయ్ తాగి వచ్చేసరికి ఫోల్డర్ తెరుచుకోవడం. నేను 32 ఎంబీ ముక్క కొన్నాను. ఇంటికొచ్చి కేబినెట్ మూత తీస్తుంటే రేకు అంచు బొటనవేలు కోసింది (ఆ గీత ఇంకా ఉంది). ర్యామ్ పెట్టి స్విచ్చేస్తే తెర నల్లగా ఉంది, స్పీకరు నుంచి ఆగి ఆగి పొడుగాటి కూతలు. మెమరీ అందలేదని దాని గోల.

వీధి చివర ఈసీఐఎల్‌లో రిటైరైన అంకుల్ ఉండేవారు. ఆయన వచ్చి మా చెల్లి జామెట్రీ బాక్సులోని రబ్బరు తీసుకుని, ర్యామ్ అడుగున బంగారు పూత గీతల్ని నెమ్మదిగా రుద్దారు. పొట్టు ఊది, మళ్లీ స్లాట్లో కూర్చోబెట్టి, రెండు చివర్ల తెల్ల క్లిప్పులు టక్‌మనేదాకా నొక్కారు. “టీడీసీ కార్డులకూ ఇదే మందు బాబూ, వదులైతే తీసి తుడిచి పెట్టుడే” అన్నారు. కూత ఒక్కటే, పొట్టిగా. తెర మీద అంకెలు పరుగెత్తాయి.

తర్వాత హార్డ్‌డిస్క్. పాతదాన్ని పారేయబుద్ధి కాదు, కాబట్టి కొత్తది మాస్టర్, పాతది స్లేవ్. వెనక మిరియపు గింజంత జంపర్‌ను పట్టుకారుతో లాగి పక్క పిన్నులకు మార్చాలి. అది జారి చాప కింద పడితే ఆ పూట వెతుకులాటే. అప్పటి చాలా బయోస్‌లు 8.4 జీబీకి మించి చూడలేవు. ఆ సంగతి నాకు అంతకంటే పెద్ద డిస్కు కొన్నాకే తెలిసింది, అమ్మినాయన ముందు చెప్పలేదు. ప్రాసెసరు మార్చబోతే సాకెట్ కలవలేదు. బోర్డు మార్చా. బోర్డు ఏటీఎక్స్ కావడంతో పాత ఏటీ కేబినెట్‌లో కూర్చోలేదు. 2001లో ఎక్స్‌పీ వచ్చి 128 ఎంబీ మేలంది. అప్పటికి మొదటి సిస్టమ్‌లో మిగిలింది కీబోర్డూ, ఫ్లాపీ డ్రైవూ. అయినా ఇంట్లో దాన్ని “1998లో కొన్న కంప్యూటర్” అనే పిలిచేవాళ్లం.

కిందటేడు అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచుదామని సీటీసీకి తీసుకెళ్లాను. కొట్లో కుర్రాడు వెనక మూత తెరిచి చూసి, మళ్లీ మూసేశాడు. “బోర్డుకే అతికించిండ్రు అంకుల్, ఏం పెట్టలేం.”

పాత స్లేవ్ డిస్కు ఎప్పుడో చచ్చిపోయింది. విప్పితే లోపల అద్దంలాంటి పళ్లేలు, రెండు బలమైన అయస్కాంతాలు. ఒకటి బీరువాకు కరెంటు బిల్లును పట్టి ఉంచుతోంది. రెండోది కుట్టుమిషన్ మీద, మా ఆవిడ సూదుల కోసం.